నిర్బంధ సేవను కోరిన దేశ్‌ముఖ్

ఏటా సెప్టెంబరు 24న దేశంలోని కళాశాలలలో జాతీయ సేవా పథకం దినోత్సవం జరుగుతుంది. చీపుళ్లు, రక్తదాన శిబిరాలు, మంత్రుల సందేశాలు యథావిధిగా ఉంటాయి. 1969లో ఆ పథకాన్ని ప్రారంభించిన నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు పేరు ఎప్పుడైనా వినిపిస్తుంది. అంతకు పదేళ్ల ముందు ఇదే విషయమై ఎంతో కఠినమైన సిఫారసు చేసిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ పేరు మాత్రం దాదాపుగా మరుగునపడింది. ఆంధ్రుల అల్లుడు, హైదరాబాదులోనే కన్నుమూసినవాడు అయిన ఆ మేధావిని తెలుగువారైనా తలచుకోవడం న్యాయం.

దేశ్‌ముఖ్ 1896 జనవరి 14న కొంకణ ప్రాంతంలో మహాడ్ సమీపాన ఒక న్యాయవాది ఇంట జన్మించారు. సంస్కృతంలో దిట్ట. కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు చదివి, ఐ.సి.ఎస్. పరీక్షలో ప్రథముడుగా నిలిచారు. మధ్యపరగణాలలో చాలాకాలం ఉద్యోగం చేసి, 1943లో రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు అయ్యారు. మరుసటి సంవత్సరం బ్రెటన్‌వుడ్స్ సమావేశానికి వెళ్లారు. 1950లో నెహ్రూ మంత్రివర్గంలో ఆర్థికమంత్రిత్వం స్వీకరించారు. ఇంపీరియల్ బ్యాంకు స్టేటు బ్యాంకుగా మారిందీ, జీవిత బీమా జాతీయమైనదీ ఆయన హయాంలోనే. ప్రభుత్వం ప్రజాజీవితంలో చేయి చేసుకోవడమంటే ఆయనకు జంకు లేదని దీనివల్ల గ్రహించవచ్చు. అయితే పద్ధతి తప్పితే సహించే మనిషి కాదు. 1956లో బొంబాయి నగరాన్ని మహారాష్ట్రకు ఇవ్వకుండా కేంద్రపాలితం చేయాలన్న నిర్ణయం మంత్రివర్గంతో సక్రమంగా చర్చించకుండానే జరిగిందని ఆరోపించి రాజీనామా చేశారు.

ఆయన 1953లో దుర్గాబాయిని వివాహమాడారు. రాజమహేంద్రవరంలో పుట్టిన ఆమె కథ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. అయినా ఈ సందర్భంలో ఒక్క సంఘటన చెప్పుకోక తప్పదు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో పద్నాలుగేళ్ల దుర్గాబాయి స్వచ్ఛంద సేవిక. టికెట్టు లేదని ఆమె జవహర్‌లాల్ నెహ్రూను ద్వారం వద్దనే నిలిపివేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకనే లోనికి పంపింది. ఆ బాలికను ఏ చట్టమూ అక్కడ నిలబెట్టలేదు. మార్కులు ఇస్తామని ఆశపెట్టినవారూ లేరు.

దేశ్‌ముఖ్ ఎదుర్కొన్న సమస్య అదే: అటువంటి సేవను ప్రభుత్వం నిబంధనలతో పుట్టించగలదా? విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలని రాధాకృష్ణన్ విశ్వవిద్యాలయ కమిషన్ 1949లోనే సూచించింది. మొదటి పంచవర్ష ప్రణాళికలోనూ ఆ ప్రస్తావన వచ్చింది. 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు లేఖ వ్రాస్తూ, పట్టా పొందడానికి ముందు సంఘసేవ ఉండాలన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. 1959 ఆగస్టు 28న ఏర్పడిన జాతీయ సేవా సంఘానికి దేశ్‌ముఖ్ అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘానికి కూడా అధ్యక్షులు.

ఉన్నత పాఠశాల ముగించి కళాశాలలో అడుగుపెట్టదలచిన ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు తప్పనిసరిగా జాతీయ సేవ చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అందులో సంఘసేవ, శరీరశ్రమ, కొంత సైనిక శిక్షణ, సాధారణ విద్య కలసి ఉంటాయి. ఆ రోజులలో కాలేజీ గడప తొక్కేవారెందరు? ప్రజాధనంతో నడిచే ఉన్నతవిద్యను అనుభవించబోయే కొద్దిమంది ముందుగా కొంత బాకీ తీర్చాలన్నదే ఈ సిఫారసులోని ఆంతర్యమని నాకు తోస్తుంది. జమీందారు బిడ్డకూ గుమాస్తా బిడ్డకూ ఒకే పార.

రాజ్యాంగం దీనికి అడ్డు కాదు. 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. కాని దాని రెండవ ఖండం ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవను విధించే అధికారాన్ని ప్రభుత్వానికి మిగిల్చింది. మతం, జాతి, కులం, వర్గం మాత్రమే కారణంగా వివక్ష చూపరాదన్నది షరతు. ఆ అధికరణాన్ని ఆమోదించిన రాజ్యాంగ సభలో దుర్గాబాయి సభ్యురాలు కావడం విశేషం.

ప్రభుత్వం వెనుకంజ వేసింది ఖర్చు వద్ద, అమలులోని చిక్కుల వద్ద. ఆరేళ్లు ఖజానా తాళపుచెవులు పట్టుకున్న వ్యక్తే ఖజానా భరించలేని సిఫారసు చేశారన్నమాట! 1960లో విద్యావేత్త కె.జి. సయ్యదైన్ ఇతర దేశాల అనుభవాలను పరిశీలించి స్వచ్ఛంద పద్ధతే మేలన్నారు. చైనా యుద్ధం తరువాత ఎన్.సి.సి.ని నిర్బంధం చేసి, 1968 నాటికి ఆ నిర్బంధాన్ని సడలించారు. ఆ కాలంలో అధికభాగం దేశ్‌ముఖ్ ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. నిర్బంధ శిక్షణ ఎలా నడుస్తుందో దగ్గరగా చూసే అవకాశం ఆయనకు కలిగింది.

1969 ఆగస్టులో ఆయన స్వతంత్ర, జనసంఘ్ పక్షాల మద్దతుతో రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. వి.వి. గిరి గెలిచారు, నీలం సంజీవరెడ్డి ఓడారు, దేశ్‌ముఖ్ మూడవ స్థానంలో నిలిచారు. ఆ తరువాత అయిదు వారాలకే జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైంది. నాలుగవ ప్రణాళికలో దానికి కేటాయించినది అయిదు కోట్ల రూపాయలు. చేరడం, చేరకపోవడం విద్యార్థి ఇష్టం. తొమ్మిది నెలలు పోయి ఏడాదికి 120 గంటలు మిగిలాయి.

నిర్బంధాన్ని నిరాకరించడం సబబేనని ఈ విలేఖరి అభిప్రాయం. ఇష్టంలేని చేతికి పార ఇస్తే అది వెట్టికి దగ్గర బంధువే. కాని దానిని సూత్రరీత్యా కాక, డబ్బు లేదని నిరాకరించారు. అందువల్ల అసలు ప్రశ్న చర్చకే రాలేదు. చదువుకొనే వర్గం సమాజానికి ఏమి చెల్లించాలి? ఆ సేవకు అయ్యే ఖర్చు ఎవరిది? 1972లో పార్లమెంటు జాతీయ సేవా చట్టం చేసినా, అది వైద్యులు, ఇంజనీర్ల వంటి అర్హులైన వృత్తినిపుణులను ఉద్దేశించినదే. స్వచ్ఛంద పథకంలోకి క్రమంగా ధ్రువపత్రాలు, అదనపు మార్కులు, హాజరుపట్టీలు ప్రవేశించాయి. 2023లో కేంద్రం ‘మేరా యువ భారత్’ అనే సంస్థను కూడా నెలకొల్పింది. పేర్లు పెరుగుతున్నాయి గాని ఆ లెక్క మాత్రం తేలలేదు.

మేఘదూతాన్ని మరాఠీలోకి అనువదించిన దేశ్‌ముఖ్ చివరి సంవత్సరాలు హైదరాబాదులో గడిచాయి. 1981 మే నెలలో దుర్గాబాయి గతించారు. మరుసటి ఏడాది అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ఆయనా వెళ్లిపోయారు.