పాత కట్టడాల కాపరి కర్జన్ ప్రభువు

శతాబ్ది సంవత్సరం వచ్చిందంటే పాత గుడిని పడగొట్టి కొత్తది కట్టాలన్న ఉత్సాహం మన విచారణలలో కలగడం సహజం. ఈ సమయంలో కర్జన్ ప్రభువు జీవితాన్ని స్మరించడం ఉచితమని మేము తలచాము.

ఆయన 1859 జనవరి 11న ఇంగ్లండులోని కెడెల్‌స్టన్‌లో జన్మించారు. తండ్రి ప్రభు వంశీకుడే గాక ఆ ఊరి ఆంగ్లికన్ గురువు కూడా. యౌవనంలో వెన్నెముక దెబ్బతిన్నందున కర్జన్ జీవితాంతం నడుముకు ఉక్కు కవచం ధరించి, నొప్పితోనే పనిచేశారు. 1899లో మన దేశానికి వైస్రాయిగా వచ్చారు. 1905లో బెంగాలును చీల్చి ప్రజల ఆగ్రహానికి గురైన పాలకుడు ఈయనే. దానిని మేము కప్పిపుచ్చబోము.

అయినా పురాతన కట్టడాల విషయంలో ఆయన మేలు మరువరానిది. 1902లో జాన్ మార్షల్‌ను పురావస్తు శాఖకు అధిపతిగా నియమించారు. 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చారు. తాజ్‌మహల్‌ను, దాని తోటలను బాగుచేయించారు. మాండలేలో బర్మా రాజుల సింహాసన మందిరాన్ని చర్చిగా వాడుతుండగా, గురువు కుమారుడై యుండి కూడా, దానిని ఖాళీ చేయమని ఆదేశించారు. పరుల పవిత్ర స్థలాలనూ, వారి వారసత్వాన్నీ గౌరవించడం మన విశ్వాసానికి కొరత కాదని ఇందువలన గ్రహింపవచ్చును.

స్వదేశంలో 1911లో శిథిలమైన టాటర్‌షాల్ కోటను, తరువాత బోడియం కోటను సొంత సొమ్ముతో కొని మరమ్మతు చేయించారు. 1925 మార్చి 20న కన్నుమూశారు. ఆ రెండు కోటలూ వీలునామా ద్వారా నేషనల్ ట్రస్టుకు, అనగా ప్రజలకే, చెందాయి.

1904 చట్టం స్థానంలో 1958 చట్టం వచ్చింది. అమరావతి స్తూపం వంటివి నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కాని పల్లెల్లోని చిన్న గుళ్లు చాలావరకు ఏ జాబితాలోనూ ఉండవు. వాటికి సంఘస్థులే కాపరులు.

విడవలూరు వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుప కడ్డీలు త్వరగా తుప్పు పడతాయి. పాత సున్నపు గోడలు చెమ్మను పీల్చి, తిరిగి విడిచిపెడతాయి. వాటిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుక చెడిపోతుంది. కనుక గునపం ఎత్తకముందు సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలిపించి, మరమ్మతుకు ఏమవుతుందో విచారణ పెద్దలు కనుక్కోవాలని మేము కోరుతున్నాము. మన పూర్వులు మోకరించిన తావును మన బిడ్డలకు అప్పగించడం కూడా ఒక పరిచర్యయే.