బ్యాంకుల చరిత్రలో మన బరంపురం బిడ్డ

హల్దియాపదర్ చెంతనున్న బరంపురంలో 1894 ఆగస్టు 10న ఒక తెలుగు కుటుంబంలో వరాహగిరి వేంకటగిరి జన్మించారు. నాడది మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒడిశాలో చేరింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి వచ్చిన గిరి, రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించారు.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమానులు, కార్మికులు పరస్పర చర్చలతోనే వివాదాలను పరిష్కరించుకోవాలని, ప్రభుత్వ జోక్యం పరిమితంగా ఉండాలని ఆయన విశ్వసించారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించగా, 1954లో మంత్రి పదవిని త్యజించారు.

పదిహేనేళ్లకు మరల బ్యాంకుల ప్రశ్నే ఎదురైంది. జాకీర్ హుస్సేన్ మరణానంతరం రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహిస్తూ, 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. మరునాడే రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి రాష్ట్రపతిగా గెలుపొందారు. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు జాతీయీకరణ చట్టాన్ని కొట్టివేయగా, నాలుగు రోజులకే ఆయన సంతకంతో కొత్త ఆర్డినెన్సు వెలువడింది.

తదనంతరం బ్యాంకు శాఖలు పల్లెలకు విస్తరించాయి; సేద్యానికి, చిన్న పరిశ్రమలకు రుణాలు పెరిగాయి. రుణాల మంజూరులో రాజకీయ ఒత్తిళ్లూ ప్రవేశించాయి. ప్రభుత్వ జోక్యం ఎంతవరకు అన్న గిరి తొలినాటి ప్రశ్న నేటికీ సజీవమే.

1975లో భారతరత్న అందుకొన్న గిరి 1980లో పరమపదించారు.