క్రీస్తు చరిత్ర రాసిన జాషువా గారు

ఈ నెల గోడపత్రిక క్రిస్మస్ సంచిక కాబట్టి ప్రేమ, శాంతి గురించి ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. చాలామంది మదర్ థెరిసా గారి గురించి రాస్తామన్నారు. నేను మన గుంటూరు వైపు మనిషి, మహాకవి గుర్రం జాషువా గారి గురించి రాస్తున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో జన్మించారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులం. ఇద్దరూ క్రైస్తవులు. వేరే వేరే కులాలవాళ్ళు పెళ్ళి చేసుకుంటే ఇప్పుడే ఊళ్ళో గొడవలవుతాయి, ఆ రోజుల్లో ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

చిన్నప్పుడు ఆయన బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. బడిలో చేరాకే కష్టాలు మొదలయ్యాయి. కులం పేరు పెట్టి అవమానించేవాళ్ళు. ఆయన తల దించుకుని ఊరుకునే రకం కాదు, ఎదురు తిరిగేవారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

1910లో మేరీ గారితో పెళ్ళయింది. మిషన్ బడిలో పంతులు ఉద్యోగం, నెలకు 3 రూపాయలు జీతం. ఆ ఉద్యోగం పోవడంతో రాజమండ్రి వెళ్ళారు. అప్పట్లో సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన ఒక మనిషి కథ చదవాలి. 1915, 16 లలో ఆయన ఆ పని చేశారు. తర్వాత గుంటూరు వచ్చి లూథరన్ చర్చి వాళ్ళ టీచర్ ట్రైనింగ్ స్కూల్లో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ బడిలో తెలుగు పండితులుగా ఉన్నారు.

ఆయన సంస్కృతం జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. శాస్త్రి గారు కులం చూడలేదు, కాళిదాసు మేఘదూతం చెప్పారు. ఆ చదువు ఊరికే పోలేదు. మేఘదూతంలో మేఘం కబురు తీసుకెళ్తుంది కదా, 1941లో జాషువా గారు రాసిన గబ్బిలం కావ్యంలో గబ్బిలం తీసుకెళ్తుంది. ఆ కావ్యంలో మనిషి గుడి లోపలికి పోకూడదు, గబ్బిలం పోవచ్చు. అందుకని ఆ పేదవాడు తన బాధ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. మా తెలుగు మేడమ్ ఈ కథ చెప్పిన రోజు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఒకసారి వినుకొండలో అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఈయన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. అది ఒకవైపు. ఇంకోవైపు, హిందువుల పురాణాలు పద్యాలుగా రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు వెలి వేశారు. వాళ్ళూ రానివ్వలేదు, వీళ్ళూ రానివ్వలేదు. చివరికి ఆయన మతాలకే దూరంగా జరిగారు.

అలాంటి మనిషి క్రీస్తు చరిత్ర రాశారు. ఇదే నాకు ఆశ్చర్యం. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నన్ను వెలి వేశారు కాబట్టి నాకు క్రీస్తు వద్దు అని ఆయన అనుకోలేదు. యేసు పశువుల పాకలో పుట్టాడు, ఆ కబురు మొదట గొర్రెలు కాసేవాళ్ళకే తెలిసింది. జాషువా గారి నాన్నగారు కూడా గొల్లలే కదా, అందుకే ఆ కథ తన ఇంటి కథ అనిపించిందేమో. ఇది నేను అనుకున్నది, పుస్తకంలో లేదు.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పెద్ద పండితులు జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జులై 24న గుంటూరులో చనిపోయారు.

ఇప్పుడు నేను ఎందుకు రాశానో చెప్తాను. మన హాస్టల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పిల్లలమే ఎక్కువ. మేము ఎరుకల వాళ్ళం. మా అమ్మమ్మది బాపట్ల దగ్గర స్టువర్టుపురం. బ్రిటిషు ప్రభుత్వం మావాళ్ళని పుట్టుకతోనే దొంగలని చట్టం చేసి 1913 ప్రాంతంలో అక్కడ ఉంచింది. ఆ చట్టం 1952లో పోయింది, పేరు మాత్రం పోలేదు. 1970లలో హేమలత గారు, ఆమె భర్త లవణం గారు ఆ ఊరొచ్చి మావాళ్ళ మధ్య తిరిగి, చాలామంది దొంగతనాలు మానేసి బతికేలా సాయం చేశారు. ఆ హేమలత గారు జాషువా గారి కూతురే. అమ్మమ్మ ఆమెని చూసింది. ఆమె పేరు చెప్తే ఇప్పటికీ దణ్ణం పెడుతుంది.

పోయిన సంవత్సరం సెమీ క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మా రూములో ఒకమ్మాయి 100 రూపాయలు కనపడలేదు. మొదట నా పెట్టె తెరిచారు. తెరిచినవాళ్ళు కూడా నాలాంటి ఎస్టీ పిల్లలే. ఆ డబ్బులు ఆమె నోటుబుక్కు అట్టలోనే దొరికాయి. సెమీ క్రిస్మస్ రాత్రి ఆమె నాకు కేకు ముక్క తెచ్చింది. నేను తీసుకోలేదు. అప్పటి నుంచి మాట్లాడలేదు. నాది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ జాషువా గారి జీవితం చదివాక ఆ కేకు ముక్క గుర్తుకొస్తోంది.

ఈసారి స్టారుకి వెదురు బద్దలు చీల్చే పని నాకిచ్చారు, అది మా ఇంటి పనే. రంగు కాగితాలు అంటించే పని ఆమెకిచ్చారు. ఆమె ఈ పత్రిక చదువుతుందని నాకు తెలుసు. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక వెనక వరండాలో బద్దలు కడుతుంటాను. మైదా జిగురు నువ్వే ఉడికించుకుని తీసుకురా.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని