నరసరావుపేట నుంచి పెద్దల సభకు: కాసు బ్రహ్మానందరెడ్డి రాజకీయ ప్రస్థానం
(జూలై 28 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి ఏడున్నర సంవత్సరాలకు పైగా ముఖ్యమంత్రిగా పనిచేసి, తదనంతరం రాజ్యసభ ద్వారా జాతీయ రాజకీయాలలో ప్రవేశించి, ఆరవ ఆర్థిక సంఘం అధ్యక్షులుగా, కేంద్ర హోం మంత్రిగా, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులుగా, మహారాష్ట్ర గవర్నరుగా బాధ్యతలు నిర్వహించిన కీర్తిశేషులు శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి 1909 జూలై 28న గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతంలోని రైతు కుటుంబంలో జన్మించారు. నల్లరేగడి నేలలలో పత్తి, మిరప, జొన్న పండించుకుంటూ వర్షంపై ఆధారపడి బ్రతికిన మెట్ట ప్రాంతమది. కృష్ణా డెల్టా కాలువల నీరు ఆ జిల్లా తూర్పు భాగాన్ని సస్యశ్యామలం చేయగా, పడమటి భాగం ఆకాశం వైపే చూస్తూ ఉండేది. ఒకే జిల్లాలోని ఈ వ్యత్యాసాన్ని బాల్యం నుంచి చూసినవారు కావడం వల్లనే, అధికారంలోకి వచ్చిన తరువాత నీటిపారుదలకు ఆయన అంతటి ప్రాముఖ్యం ఇచ్చారనుకోవచ్చు.

మద్రాసులో ఉన్నత విద్య అభ్యసించి, న్యాయశాస్త్ర పట్టా పొంది, న్యాయవాద వృత్తి చేపట్టారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభావం ఆయనను జాతీయోద్యమం వైపు మళ్ళించింది. గుంటూరు జిల్లా బోర్డు సభ్యులుగా గ్రామాల రోడ్లు, బడులు, చెరువుల సమస్యలను సన్నిహితంగా తెలుసుకున్నారు. ఏ గ్రామంలో ఎవరు పెద్ద, ఏ వర్గానికి ఎవరితో పొసగదు అనే విషయాలపై ఆయనకు గల పట్టు తరువాతి కాలంలో ప్రత్యర్థులు సైతం అంగీకరించినదే. ఆ పట్టు ఆనాడు అలవడినదే. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత స్వజిల్లా నుంచే శాసనసభకు ప్రాతినిధ్యం వహించారు. మంత్రిగా నిర్వహించిన శాఖలలో ఆర్థిక శాఖ ముఖ్యమైనది.

కర్నూలు జిల్లాలో బస్సు మార్గాల జాతీయీకరణ వ్యవహారంలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన దరిమిలా శ్రీ నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1964 ఫిబ్రవరి 29న శ్రీ బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. 1971 సెప్టెంబర్ 30 వరకు ఆ పదవిలో కొనసాగారు. అంతకు ముందు ఏ ముఖ్యమంత్రీ అంత దీర్ఘకాలం ఈ రాష్ట్రాన్ని పాలించలేదు.

1955 డిసెంబర్ 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ నీరు విడుదల చేశారు. కుడి కాలువ గుంటూరు జిల్లా మెట్ట ప్రాంతాల మీదుగా సాగి, తరువాత ప్రకాశం జిల్లాగా రూపొందిన ప్రాంతం దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా విస్తరించింది. నీరు అందిన చోట వరి విస్తరించగా, పత్తి, మిరప సాగు రూపురేఖలే మారాయి. గుంటూరు మిరప నేడు దేశ విదేశాల మార్కెట్లలో పొందుతున్న ఖ్యాతి వెనుక ఈ కాలువ పాత్ర కొంత ఉంది. అయితే కాలువ చివరి ఆయకట్టుకు సకాలంలో నీరు చేరడం అనేది ఆనాటి నుంచి పరిష్కారం కోరుతూ వచ్చిన సమస్య. ఆ ఇబ్బంది ప్రకాశం రైతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

1966లో తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ శాసనం వెలువడింది. కళాశాల విద్యలో తెలుగు పాఠ్యగ్రంథాల రూపకల్పనకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను వేరుచేసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న కనిగిరి, గిద్దలూరు వంటి వెనుకబడిన ప్రాంతాల ప్రజలకు ఇది ఊరట కలిగించింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. గురుతుల్యుని పేరు ధరించిన జిల్లా శిష్యుని పాలనలో రూపుదిద్దుకోవడం విశేషమే.

ఆయన పాలనాకాలం ఒడిదుడుకులు లేకుండా సాగలేదు. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం స్థాపించాలని 1966లో ఉద్యమం చెలరేగింది. గుంటూరు జిల్లాకు చెందిన శ్రీ టి. అమృతరావు నిరాహార దీక్ష చేపట్టడంతో ఆందోళన రాష్ట్రమంతటా వ్యాపించింది. పోలీసు కాల్పులలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్ర ప్రభుత్వం సైతం కోరుతున్న కర్మాగారం కోసమే ప్రజలు వీధులలోకి రావడం, ఆ ప్రభుత్వ పోలీసుల తూటాలకే వారు బలికావడం ఆ కాలపు విషాదం. 1970 ఏప్రిల్‌లో కేంద్రం కర్మాగారాన్ని ప్రకటించింది. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు.

1967 ఎన్నికలలో దేశంలోని అనేక రాష్ట్రాలలో కాంగ్రెస్ అధికారం కోల్పోగా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 287 స్థానాలకు 165 గెలుచుకొని నిలిచింది. ఆ విజయంతో ఆయనకు ఎదురులేదనిపించింది. రెండేళ్ళు తిరగకుండానే, 1969 జనవరిలో, ముల్కీ నిబంధనలు, ఉద్యోగ రక్షణలు, మిగులు నిధుల వినియోగం విషయంలో తెలంగాణలో అసంతృప్తి భగ్గుమన్నది. అఖిలపక్ష ఒప్పందం ద్వారా రక్షణలను అమలు చేయడానికి చేసిన ప్రయత్నం ఉద్యమాన్ని చల్లార్చలేకపోయింది. అనేకమంది యువకులు కాల్పులలో మరణించారు. జిల్లా రాజకీయాలలో ఎదురులేని నేర్పు చూపిన నాయకుడు, ఒక ప్రాంతం యావత్తు మనసులోని గాయాన్ని గ్రహించడంలో వెనుకబడ్డారన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి ఆ ప్రాంతంలోని 14 స్థానాలలో 10 గెలుచుకుంది. ఆ సంస్థ కాంగ్రెస్‌లో విలీనం కావడానికి ముఖ్యమంత్రి మార్పు అనివార్యమైంది. శ్రీ బ్రహ్మానందరెడ్డి పదవి నుంచి తప్పుకోగా, తెలంగాణకు చెందిన శ్రీ పి.వి. నరసింహారావు ఆ బాధ్యతలు స్వీకరించారు.

పదవి పోయిన నాయకునికి రాష్ట్రంలో ఉండటం ఇబ్బంది, ఉంచడం పార్టీకి మరింత ఇబ్బంది. 1972లో ఆయన రాజ్యసభకు ఎన్నికయ్యారు. శాసనసభ్యుల ఓట్లతో ఏర్పడే ఆ పెద్దల సభ రాష్ట్రాల గొంతు వినిపించవలసిన వేదిక. అదే సంవత్సరం ఆరవ ఆర్థిక సంఘానికి ఆయనను అధ్యక్షులుగా నియమించారు. కేంద్రం వసూలు చేసే పన్నులలో రాష్ట్రాల వాటాను నిర్ణయించే రాజ్యాంగ సంస్థ ఇది. ఆర్థిక మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఢిల్లీ ముందు నిధుల కోసం నిలబడిన వ్యక్తికి ఇంతకంటే తగిన బాధ్యత వెదికినా దొరకదు. 1973లో సమర్పించిన నివేదికలో ఆదాయపు పన్నులో రాష్ట్రాల వాటాను 75 శాతం నుంచి 80 శాతానికి పెంచాలని సంఘం సిఫారసు చేసింది. రాష్ట్రాల రుణభారాన్ని కూడా పరిశీలించి ఉపశమనం సూచించింది. ఆయన జీవితంలో అతి తక్కువగా ప్రస్తావనకు వచ్చే ఈ అధ్యాయం, ఫలితాల దృష్ట్యా చిన్నది కాదు.

1974లో కేంద్ర మంత్రివర్గంలో చేరి కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించిన ఆయన, ఆ ఏడాది అక్టోబర్‌లో హోం మంత్రి అయ్యారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ప్రధాని ఎన్నికను రద్దు చేసింది. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడింది. ఆ రాత్రి పొద్దుపోయిన తరువాతనే తనకు విషయం తెలియజేశారని, అప్పటికే అమలులో ఉన్న 1971 నాటి అత్యవసర పరిస్థితి అధికారాలు సరిపోతాయని తాను చెప్పానని ఆయన తరువాత షా కమిషన్ ఎదుట వెల్లడించారు. రాష్ట్రపతికి పంపిన లేఖపై మాత్రం హోం మంత్రిగా ఆయన సంతకమే ఉంది. ఆ ఇరవై ఒక్క మాసాలలో శాఖలోని కీలక వ్యవహారాలు సహాయ మంత్రి శ్రీ ఓం మెహతా ద్వారా నడిచాయన్నది చరిత్రకారులు సాధారణంగా అంగీకరించే విషయం. రాష్ట్రంలో ఫైలు కదలాలంటే తన మాట కావలసిన నాయకుడు, దేశంలోని అత్యంత శక్తిమంతమైన శాఖలో కూర్చుని కూడా నిర్ణయాలకు దూరంగా ఉండిపోయారు. అయినప్పటికీ ఆ సంతకం బాధ్యత ఆయనదే.

1977 మార్చి ఎన్నికలలో నరసరావుపేట నుంచి లోక్‌సభకు ఎన్నికై రాజ్యసభను వీడారు. దేశమంతటా కాంగ్రెస్ ఓడినా, రాష్ట్రంలో 42 స్థానాలకు 41 దక్కాయి. మిగిలిన ఒక్క నంద్యాల స్థానాన్ని జనతా పార్టీ పక్షాన గెలిచినవారు శ్రీ నీలం సంజీవరెడ్డి కావడం గమనార్హం. ఆ ఏడాది మే నెలలో శ్రీ సిద్ధార్థ శంకర్ రే, డాక్టర్ కరణ్ సింగ్‌లపై పోటీలో నెగ్గి శ్రీ బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. క్రమేణా శ్రీమతి ఇందిరాగాంధీతో విభేదాలు ముదిరి, 1978 జనవరిలో పార్టీ రెండుగా చీలింది. ఒక వర్గం ఆయన పేరుతోనే రెడ్డి కాంగ్రెస్‌గా వ్యవహారంలోకి వచ్చింది. ఫిబ్రవరిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో ఇందిరా కాంగ్రెస్ 175 స్థానాలు గెలువగా, రెడ్డి కాంగ్రెస్ 30తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సొంత రాష్ట్రమే ఆ తీర్పు ఇవ్వడం ఆయనకు పెద్ద దెబ్బ. కొంతకాలానికి ఆయన ఇందిరా కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చి, 1980లో నరసరావుపేట నుంచే మళ్ళీ లోక్‌సభకు ఎన్నికయ్యారు.

1988 ఫిబ్రవరి నుంచి 1990 జనవరి వరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. 1994 మే 20న హైదరాబాద్‌లో కన్నుమూశారు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతంలోని చిరాన్ ప్యాలెస్ పరిసర వనాన్ని 1998లో ఆయన పేరిట జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉదయపు నడకకు వచ్చే నగరవాసులు దానిని కె.బి.ఆర్. పార్కు అనే పిలుస్తారు. ఆయన రాజకీయ జీవితానికి మొదటి నుంచి చివరి వరకు కేంద్రంగా నిలిచిన నరసరావుపేట, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైంది.