ఫ్రెడరిక్ మీషర్

వైద్యశాలలో పుండ్లకు కట్టి విప్పిన గుడ్డలను చూచినచో ఎవరికైనను ఏవగింపు కలుగును. అట్టి గుడ్డలను కోరి తెప్పించుకొని, వానికంటిన చీమునందు జీవరహస్యమును వెదకిన యువకుడొకడు ఉండెను. ఆతడే ఫ్రెడరిక్ మీషర్.

మీషర్ 1844 వ సంవత్సరము ఆగస్టు 13 వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెల్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. మేనమామయగు విల్‌హెల్మ్ హిస్ శరీరనిర్మాణ శాస్త్రమున పేరుగాంచిన పండితుడు. మీషర్ 1868 లో వైద్యపట్టమును పొందెను. కాని ఆతనికి చెవులు సరిగా వినబడవు. రోగుల గుండెచప్పుడు వినలేనివాడు వైద్యము చేయుటెట్లు? ఆ లోపమునకు ఆతడు క్రుంగిపోలేదు. జీవుల నిర్మాణమును గ్రహించుటకు రసాయన శాస్త్రమే మార్గమని మేనమామ ఉపదేశింపగా, జర్మనీయందలి ట్యూబింగెన్ నగరమునకు పోయి హోప్పె-జైలర్ అను ఆచార్యునికి శిష్యుడయ్యెను.

ఆ ప్రయోగశాల ఒక పురాతన దుర్గములో నుండెను. మీషర్ పనిచేసిన గది పూర్వమా దుర్గమునకు వంటయిల్లు. చీమునందలి తెల్లకణములను శుద్ధముగా వేరుచేయుట ఆతడు పూనుకొనిన పని. కుళ్లు సోకిన గుడ్డలను త్రోసివేసి, తాజా గుడ్డలనే గ్రహించి, వానిని సోడియం సల్ఫేటు ద్రావణముతో కడిగి కణములను వడగట్టెడివాడు. పిమ్మట పంది జీర్ణాశయమునుండి తీసిన పెప్సిన్‌తో మాంసకృత్తులను కరిగించి, కణముల నడుమనున్న కేంద్రకములను మాత్రము మిగిల్చెను. 1869 లో ఆ కేంద్రకములనుండి ఒక క్రొత్త పదార్థము లభించెను. అందు భాస్వరము మెండుగా నుండెను. మాంసకృత్తులలో సాధారణముగా కనబడు గంధకము లేదు. మీషర్ దానికి న్యూక్లిన్ అని పేరు పెట్టెను.

ఇట్టి పదార్థమును అంతకుముందెవరును ఎరుగరు. శిష్యుడు పొరబడెనేమోయని గురువు సందేహించి, ఆ ప్రయోగములను తానే మరల చేసి చూచెను. ఫలితము సరియేయని తేలిన పిమ్మట, 1871 లో మీషర్ వ్యాసము ప్రకటింపబడెను. ఆ రెండేండ్లును యువకుని ఓర్పునకు పరీక్షయే.

తరువాత మీషర్ స్వస్థలమైన బాజెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ కాలమున రైన్ నదిలో సాల్మన్ చేపలు సముద్రమునుండి ఎదురీదుచు ఆ నగరమువరకు వచ్చుచుండెను. మగచేపల శుక్రకణములలో కేంద్రకమే ప్రధానభాగము. అందుచే ఆతడు వానిని ఎన్నుకొనెను. వెచ్చదనము తగిలినచో న్యూక్లిన్ చెడిపోవును. కావున చలికాలమున తెల్లవారకముందే లేచి, నిప్పువేడిమి లేని గదులలో, చేతులు కొంకర్లు పోవుచున్నను పని సాగించెను. ఆ శుక్రకణములలో న్యూక్లిన్ ఒంటరిగా లేదనియు, ప్రోటమిన్ అను పదార్థముతో పెనవేసికొని యున్నదనియు 1874 లో వెల్లడించెను. ఆ ప్రోటమిన్ ఒక చిన్న మాంసకృత్తియని తరువాత తేలెను. న్యూక్లిన్ ఆమ్లము, ప్రోటమిన్ క్షారము. అందుచే అవి ఒకదానినొకటి ఆకర్షించును.

కొలది అక్షరములతో అసంఖ్యాకములైన పదములు కూర్చబడినట్లే, పెద్ద అణువులలోని చిన్న భేదములే వంశలక్షణములను మోయగలవని మీషర్ తన చివరి యేండ్లలో ఊహించెను. కాని ఆ భారము న్యూక్లిన్‌దేయని నిశ్చయింపజాలకపోయెను. క్షయవ్యాధి సోకి, 1895 వ సంవత్సరము ఆగస్టు 26 న డావోస్‌లో మరణించెను.

న్యూక్లిన్‌కు 1889 లోనే న్యూక్లికామ్లమను పేరు వచ్చెను. న్యూక్లికామ్లములు డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ. యని రెండు విధములు. వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఏ. యని ఏవరీయు, ఆయన సహచరులును 1944 లో నిరూపించిరి. ఆ డి.ఎన్.ఏ.ను కోరినచోట ఖండించు సాధనమును 2012 లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పాంట్యే బృందములు వెల్లడించెను. ఇందులకు వారిరువురికిని 2020 లో నోబెల్ బహుమానము లభించెను.

ఆ సాధనము కూడ న్యూక్లికామ్లమును మాంసకృత్తియు కలిసిన జంటయే. కాస్-9 అను మాంసకృత్తిని, దారిచూపు ఆర్.ఎన్.ఏ.ను తగిన పాళ్లలో ఒక చిన్న గొట్టమున కలిపినచో, కొన్ని నిమిషములలో అవి ఒకటగును. విద్యుత్తును క్షణకాలము ప్రసరింపజేసి ఈ జంటను జీవకణములలో ప్రవేశపెట్టుదురు. ఆర్.ఎన్.ఏ. తగిన తావును గుర్తించును. కాస్-9 అచ్చట కత్తిరించును. ఈ జంట కణములో కొలది కాలమే నిలుచును గావున, కూడనిచోట్ల కత్తిరించు భయము తగ్గును. మనుష్యుల చర్మముపై ఆర్.ఎన్.ఏ.ను నాశనము చేయు పదార్థములుండును. అందుచే నేటి శాస్త్రజ్ఞులును చేతులకు తొడుగులు ధరించి, మంచుగడ్డలపై ఆ ద్రవములనుంచి జాగ్రత్తగా పనిచేయుదురు.

మీషర్ ఎంతయో శ్రమించి విడదీసిన రెండు జాతుల పదార్థములనే నేటివారు కూర్చి, రోగచికిత్సకు వినియోగించుచున్నారు. ఆతడు ఆ ఫలమును చూడలేదు. ఐనను, చూడబోని ఫలముకొరకు చలిలో నిలిచి చేసిన పనిని ఒక్కనాడైనను అశ్రద్ధగా చేయలేదు.