తండ్రి యంత్రం, కుమారుడి సూత్రం: విలియం హెన్రీ బ్రాగ్

బస్తర్‌లోని బైలాడిలా కొండలు ఎద్దు మూపురాన్ని తలపిస్తాయి. ఆ పేరుకు అర్థమూ అదే. అక్కడి ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి రైలులో విశాఖపట్నం చేరుతుందన్నది తెలుగువారికి తెలిసిన విషయమే. ఆ రాళ్లలో ప్రధానమైనది హెమటైట్. దానితో కలిసి గోయథైట్ కూడా ఉంటుంది. రెండింటిలోనూ ఇనుము, ఆక్సిజన్ ఉంటాయి. అయితే గోయథైట్‌లో హైడ్రోజన్ కూడా ఇమిడి ఉండడంతో వేడికి అది నీటిని విడుస్తుంది. రసాయన పరీక్ష ఇనుము ఎంతో చెబుతుంది. అది ఏ ఖనిజ రూపంలో ఉందో సూటిగా చెప్పేది ఎక్స్-కిరణ వివర్తనం. బల్లపై అమరే చిన్న యంత్రంలో కాస్త పొడి ఉంచితే చాలు. రాగి నుంచి వెలువడే ఎక్స్-కిరణాలకు హెమటైట్ సుమారు 33 డిగ్రీల వద్ద, గోయథైట్ 21 డిగ్రీల వద్ద తమ బలమైన గుర్తులను చూపుతాయి.

ఆ యంత్రానికి ఆద్యుడు విలియం హెన్రీ బ్రాగ్. 1862లో ఇంగ్లండ్‌లోని కంబర్లాండ్‌లో జన్మించారు. ఏడేళ్లకే తల్లిని కోల్పోయి తండ్రి సోదరుడి ఇంట పెరిగారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి, 23 ఏళ్లకే ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆచార్య పదవికి ఎంపికయ్యారు. భౌతికశాస్త్రం అంతగా చదువుకోలేదు. ప్రయోగశాలలో పరికరాలూ అంతంతమాత్రమే. అప్పుడాయన పరికరాలు తయారుచేసే వారి వద్ద శిష్యరికం చేసి, తన విద్యార్థులకు కావలసినవి తానే చేసుకున్నారు. ఆచార్యుడు పనివాడి బల్ల ముందు కూర్చోవడం ఆనాటికి వింతే. తర్వాతి కథకు పునాది మాత్రం అక్కడే పడింది.

1909లో ఆయన లీడ్స్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. మూడేళ్లకు మ్యూనిక్‌లో లావే బృందం స్ఫటికాల గుండా ఎక్స్-కిరణాలను పంపి, ఫొటో పలకపై చుక్కల వరుసలను పట్టింది. వాటి అర్థాన్ని తేల్చింది బ్రాగ్ పెద్ద కుమారుడు లారెన్స్. అప్పటికి అతడు కేంబ్రిడ్జిలో 22 ఏళ్ల విద్యార్థి. స్ఫటికంలోని పరమాణు తలాలు అద్దాల్లా కిరణాలను పరావర్తనం చేస్తాయనీ, తలాల మధ్య దూరానికీ కోణానికీ ఒక లెక్క ఉందనీ 1912 నవంబరులో ప్రకటించాడు. ఎక్స్-కిరణాలు కణాలేనని అంతవరకూ వాదించిన తండ్రికి ఇది కొంత ఇబ్బందికరమే. అయినా ఆయన ఆ ఊహను పరీక్షించే సాధనం నిర్మించడానికి పూనుకున్నారు.

1913లో లీడ్స్‌లో సిద్ధమైన స్పెక్ట్రోమీటర్‌లో డిగ్రీలు చెక్కిన వృత్తం, మధ్యలో తిరిగే స్ఫటికం, చుట్టూ తిరిగే అయనీకరణ గది ఉండేవి. స్ఫటికం ఒక డిగ్రీ తిరిగితే గది రెండు డిగ్రీలు తిరగాలి. నేటి బల్లపై యంత్రాలు పెక్కింటిలో ఆ ఒకటికి రెండు నిష్పత్తే కొనసాగుతోంది. తండ్రీకొడుకులు ఆ ఏడాదే వజ్రం నిర్మాణాన్ని తేల్చారు.

కీర్తి పంపకం వద్దే చిక్కు వచ్చింది. సూత్రం కుమారుడిదని తండ్రి తన వ్యాసాల్లో చెబుతూనే వచ్చారు. కానీ సభల్లో మాట్లాడేది ఆయనే; లోకం మొత్తం ఘనతను పేరున్న పెద్దాయన ఖాతాలో వేసింది. 1913 సోల్వే సమావేశానికి తండ్రి వెళ్లారు. కుమారుడికి అందింది అక్కడి శాస్త్రజ్ఞులు సంతకాలు చేసిన అభినందన కార్డు. ఆ వెలితి లారెన్స్‌ను చాలాకాలం వెంటాడింది. తండ్రి ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సిందని అనిపించక మానదు.

1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కొద్ది వారాల ముందే, సెప్టెంబరులో, చిన్న కుమారుడు రాబర్ట్ గల్లిపోలి యుద్ధంలో మరణించాడు. అప్పటికి లారెన్స్ కూడా యుద్ధరంగంలోనే ఉన్నాడు. తండ్రి జలాంతర్గాముల చప్పుడును పసిగట్టే పరికరాలపై పనిచేశారు.

ఒకే పెద్ద స్ఫటికం అవసరం లేకుండా పొడితోనే పరీక్షించే పద్ధతిని 1916లో డెబై, షెరర్ కనుగొన్నారు. గనుల వారికి ఇది వరమైంది. హెమటైట్ నిర్మాణాన్ని 1925లో పాలింగ్, హెండ్రిక్స్ నిర్ధారించారు. కలకత్తాలో రామన్ వద్ద ఎక్స్-కిరణాలతో బొగ్గును పరిశీలించిన సి. మహదేవన్ అనంతరం వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర శాఖకు సారథ్యం వహించారు.

బ్రాగ్ 1923 నుంచి లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు నేతృత్వం వహించి, 1942 మార్చి 12న కన్నుమూశారు. ఒక్కో కోణం వద్ద ఆగి, చేత్తో తిప్పుతూ, గంటల తరబడి అంకెలు రాసుకున్న ఆ పనిని నేటి చిన్న యంత్రం కొన్ని నిమిషాల్లో ముగిస్తోంది.