కొండల వంపుని చదివిన వాడియా

పిల్లలూ, ఒక తువ్వాలు తీసుకుని బల్ల మీద పరచండి. రెండు చివర్లూ పట్టుకుని మధ్యకి నెట్టండి. గుడ్డ పైకి లేచి ముడుతలు పడింది కదా? భూమి లోపల రాతి పొరలు కూడా ఇలాగే ముడుతలు పడతాయి. మీకు ఒక్క క్షణం పట్టింది, వాటికి లక్షల ఏళ్ళు పడుతుంది. ఒక్కోసారి రాయి వంగలేక పగులుతుంది. పగులుకి ఒక పక్కనున్న రాయి జరిగిపోతుంది. అలా రాళ్ళు జరిగిన పగులుని భ్రంశం అంటారు.

హిమాలయాల్లో ముడుతలూ ఉన్నాయి, భ్రంశాలూ ఉన్నాయి. వాటి మధ్య ఏళ్ళ తరబడి తిరిగి, ఆ కొండల కథ తెలుసుకున్న ఒకాయన గురించి చదువుదాం.

సూరత్ నుంచి జమ్మూకి

ఆయన పేరు దారాషా నౌషేర్వాన్ వాడియా. 1883లో గుజరాత్‌లోని సూరత్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. బరోడాలో చదువుకున్నారు. 1907లో జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరారు. జమ్మూ హిమాలయాల పాదాల దగ్గరే ఉంది. ఇంకేం? సెలవులొస్తే చాలు, వాడియా గారు కొండల్లోకి వెళ్ళిపోయేవారు. ఒకసారి అక్కడి శివాలిక్ కొండల్లో, ఇప్పుడు భూమ్మీద లేని ఒక ఏనుగు జాతి దంతం కూడా ఆయనకి దొరికింది.

భారతదేశపు రాళ్ళ గురించి విద్యార్థుల కోసం ఆయన ఒక పుస్తకం రాశారు. అది 1919లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కాలేజీ పిల్లలు దాన్నే చదువుకున్నారు. 1921లో ఆయన భారత భూగర్భ సర్వే సంస్థలో చేరారు. ఆ రోజుల్లో అక్కడి పెద్ద ఉద్యోగాలు దాదాపు అన్నీ బ్రిటిష్ వాళ్ళవే. వాడియా గారికి విదేశీ డిగ్రీ లేదు. కొండల్లో తిరిగిన అనుభవం మాత్రం బోలెడంత ఉంది.

కొండలు ఎందుకు వంగాయి?

ఇప్పుడు భారతదేశం పటం తెరిచి హిమాలయాల మీద వేలు పెట్టండి. తూర్పు నుంచి పడమరకి జరపండి. వాయవ్య మూలలో నంగా పర్బత్ అనే శిఖరం ఉంది. దాని ఎత్తు 8,126 మీటర్లు. అక్కడికి రాగానే కొండల వరస గిర్రున తిరిగి దక్షిణం వైపుకి వస్తుంది. చూశారా?

ఈ వంపు అప్పట్లో ఒక పెద్ద చిక్కుప్రశ్న. రెండు వేరువేరు పర్వతాల వరసలు అక్కడ కలిశాయని కొందరు అనుకునేవారు. దీన్ని తేల్చడమెలా? ఉపగ్రహాలు తీసిన ఫొటోలు లేని రోజులవి. వాడియా గారు వంపుకి ఇటూ అటూ తిరిగి రాళ్ళని పోల్చి చూశారు. రెండు వైపులా అవే రాళ్ళు, అదే వరసలో కనిపించాయి. అంటే అక్కడున్నది ఒకే పర్వతాల వరస, అదే వంగి తిరిగింది!

ఆయనకి ఇంకో సంగతి కూడా కనిపించింది. మామూలుగా పాత రాతి పొర కింద, కొత్తది పైన ఉండాలి. ఒకదాని మీద ఒకటి దుప్పట్లు పేరిస్తే మొదట పెట్టింది అడుగున ఉంటుంది కదా, అలాగన్నమాట. కానీ అక్కడ కొన్ని చోట్ల పాత రాళ్ళు కొత్త రాళ్ళ మీదికెక్కి కూర్చున్నాయి. భ్రంశం వెంబడి జరిగి అలా పైకి వచ్చాయి.

మరి కొండలు ఎందుకు వంగాయి? మళ్ళీ తువ్వాలు పరచండి. ఈసారి ఒక లావుపాటి పుస్తకం మూలతో దాన్ని నెట్టండి. ముడుతలు ఆ మూల చుట్టూ తిరుగుతాయి. దక్షిణ భారతదేశంలో ఉన్నలాంటి పాత గట్టి నేల, పుస్తకం మూలలా అక్కడ కొండల్లోకి పొడుచుకుపోయిందని 1931లో వాడియా గారు వివరించారు. భూఫలకాలు కదులుతాయని శాస్త్రవేత్తలందరూ ఒప్పుకున్నది ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా గడిచాకే. మన తెలుగు నేల కూడా అదే ఫలకం మీద ఉంది. అది ఇప్పటికీ ఉత్తరానికి కదులుతూనే ఉంది.

నదికీ, మనుషులకీ

నేల వంగితే నదులు కూడా దారి మార్చుకుంటాయి. కాశ్మీర్ నుంచి వచ్చే జీలం నది ముజఫరాబాద్ దగ్గర ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది. కొండల వంపే దానికి ఆ దారి చూపించింది.

2005 అక్టోబరు 8న అదే ప్రాంతంలో ఒక భ్రంశం కదిలి పెద్ద భూకంపం వచ్చింది. 70 వేల మందికి పైగా చనిపోయారు. స్కూళ్ళు కూలి ఎంతోమంది పిల్లలు కూడా పోయారు. భ్రంశాలు ఎక్కడున్నాయో తెలిస్తే, అక్కడ ఇళ్ళూ బడులూ గట్టిగా కట్టుకోవాలని తెలుస్తుంది. రాళ్ళని చదవడం అందుకే అవసరం.

వాడియా గారికి 1957లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1958లో పద్మభూషణ్ వచ్చాయి. 1969లో ఆయన చనిపోయారు. డెహ్రాడూన్‌లో హిమాలయాల మీద పరిశోధన చేసే సంస్థకి ఆయన పేరే పెట్టారు.

కొత్త మాటలు
ముడుత: ఒత్తిడికి వంగిన రాతి పొర
భ్రంశం: రెండు పక్కల రాళ్ళు జరిగిన పగులు
భూఫలకం: కదిలే పెద్ద భూమి పలక
వాయవ్యం: ఉత్తరానికీ పడమరకీ మధ్య దిక్కు

జవాబులు చెప్పండి
1. వంపు దగ్గర ఉన్నది ఒకే పర్వతాల వరస అని వాడియా గారికి ఎలా తెలిసింది?
2. పాత రాళ్ళు కొత్త రాళ్ళ మీదికి ఎలా వచ్చాయి?
3. మీరుండే చోటికి దగ్గర్లో ఏ కొండలున్నాయి? అవి ఎలా పుట్టాయో పెద్దవాళ్ళని అడిగి, తెలుగులో ఐదు వాక్యాలు రాయండి.